కుక్కకి ఖరీదు కట్టిన పిల్లలు

మా రోజుల్లో కుక్కని కొనుక్కోవడమనే మాటే లేదు నాయనా. ఆవుని కొనేవాళ్లం, గేదెని కొనేవాళ్లం. సంతలో పది మంది ముందు ధర బయటపెట్టడం ఇష్టంలేక, తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి బేరం చెప్పుకునేవాళ్లం. కుక్క మాత్రం దానంతట అదే వచ్చేది. పొద్దున్నే లేచి చూస్తే అరుగు కింద ఒకటి ముడుచుకుని పడుకుని ఉండేది. ఎవరో జాలిపడి ఇంత గంజి పోసేవారు. రెండో పూటకల్లా అది మన కుక్క అయిపోయేది. "ఎవరి కుక్కరా ఇది?" అంటే "మాదే" అనేవాళ్లు వీధిలో నలుగురు తేలేవాళ్లు. అదే పంతులుగారి పంచె చింపి వచ్చిందనుకో, అదే ప్రశ్నకి ఒక్కడూ పలికేవాడు కాదు.

పేర్లకి మాత్రం లోటు లేదు. నల్లగా ఉంటే కర్రోడు. తెలంగాణ వైపు వెళ్తే ఇంటికో మోతీ. తెల్లదొరలు పోయారు గానీ వాళ్ల పేర్లన్నీ మన కుక్కలకి మిగిలిపోయాయి. టామీ, జిమ్మీ, టైగర్, సీజర్. రోము నగరాన్ని గడగడలాడించిన మహానుభావుడి పేరు పెట్టి, "సీజరూ, ఇలా రా" అని పిలిచి, అడుగంటిన అన్నం పెట్టేవాళ్లం. అదీ తోక ఊపుకుంటూ తినేది. పెట్టిన చెయ్యి చూసేది గానీ పేరులో ఏముందో దానికెందుకు?

పెద్దలు తినడంలోనూ ఒక పద్ధతి ఉండేది. మొదట కాకికో ముద్ద, చివర కుక్కకో ముద్ద. గృహస్థు రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞమని ఒకటుంది. కుక్కకీ కాకికీ చీమకీ ఇంత మెతుకు నేల మీద పెట్టడమే ఆ యజ్ఞం. అంత పుణ్యం చేసిన నోళ్లతోనే ఎన్ని తిట్లు తిట్టామో చూడు. కుక్క తోక వంకరన్నాం. కుక్కని అందలం ఎక్కిస్తే కుచ్చులన్నీ కొరికిందన్నాం. కుక్క కాటుకి చెప్పు దెబ్బన్నాం. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేవన్నాం. మనం పారేసిన అన్నం తిని మన వాకిలే కాచే జీవం మీద ఇన్ని నిష్ఠూరాలు! ఈ సామెతలు కట్టినవాళ్లంతా పెద్దవాళ్లేనని నా అనుమానం. పిల్లల చేత కట్టిస్తే వరస వేరేగా ఉండేది.

పిల్లల కోసం కథలు రాసినవాళ్లు ఆ అప్పు కొంత తీర్చారు. పిల్లాడూ కుక్కా ఉన్న మంచి కథ ఏది తీసుకున్నా, అందులో కుక్కకి ఒక ఖరీదుంటుంది. దాన్ని కట్టేది ఆ పిల్లాడే. వాళ్ల నాన్న జేబు కాదు. ఈ పూట ఆ ముచ్చటే చెబుతాను. ఇలా దగ్గరికి జరుగు, అక్కడ కూర్చుంటే పొగంతా నీ మొహానికే కొడుతుంది. ఆ ఫోను కూడా కాస్త బోర్లించు.

ముందు మన ఇంటి కథ. భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని నీకెవరైనా చెప్పారా? ఆదిపర్వం మొదట్లోనే జనమేజయుడు కురుక్షేత్రంలో యాగం చేస్తున్నాడు. సరమ అనే దేవశునకం ఉంది. దాని పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ యాగశాలకి వచ్చింది. రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టి తరిమారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. తల్లి ఏమందనుకున్నావు? ముందు పిల్లనే నిలదీసింది. నువ్వేం తప్పు చేశావు, హవిస్సు గానీ ముట్టావా అని. మా అమ్మలూ అంతే. బళ్లో దెబ్బలు తిని ఇంటికొస్తే, "నువ్వేం చేశావో ముందది చెప్పు" అని ఇంకోటి తగిలించేవాళ్లు. ఈ రోజుల్లోలాగా తిన్నగా హెడ్మాస్టరు గదికి పోవడం ఉండేది కాదు. సరే, పిల్ల తప్పు లేదని తేలాక సరమ రాజు దగ్గరికి వెళ్లి న్యాయం అడిగింది. ఎవరూ సమాధానం చెప్పలేదు. నోరులేని పసిదాన్ని ఊరికే కొట్టారు గనక మీకు అనుకోని భయం వచ్చిపడుతుందని శపించి వెళ్లిపోయింది. అంత చక్రవర్తీ ఆ శాపానికి హడలిపోయి, శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరిగాడు.

ఇక చివర చూడు. మహాప్రస్థానంలో ద్రౌపదీ, తమ్ముళ్లూ ఒక్కొక్కరే పడిపోయారు. ధర్మరాజు వెంట మిగిలింది ఒక్క కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు. కుక్కకి మాత్రం స్వర్గంలో చోటు లేదన్నాడు. నమ్మి వెంటవచ్చినదాన్ని వదిలి నేను రానన్నాడు ధర్మరాజు. ఆ కుక్క ధర్ముడేనని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. బేరం కుదిరేటప్పటికి ఆయనకి ఆ సంగతి తెలీదు. ఆయన దృష్టిలో అది ఒట్టి కుక్కే, దాని ఖరీదు మాత్రం స్వర్గం. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేవన్న మనమే, కుక్క కోసం మొండికేసి స్వర్గం చేరినవాడికి దణ్ణం పెట్టుకుంటాం. మన తీరే అంత.

మా చిన్నతనంలో పిల్లలకని విడిగా రాసిన కథలంటే పత్రికల్లోవే. 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారూ, అక్కయ్య కామేశ్వరిగారూ 'బాల' మొదలుపెట్టారు. 1947 జూలైలో మద్రాసు నుంచి 'చందమామ' వచ్చింది. అణాల్లోనే దొరికేది, అయినా ఆ అణాలు ఎవరి దగ్గరున్నాయి? వీధికొక ఇల్లు తెప్పించుకునేది, మిగతా ఇళ్లన్నీ ఆ ఇంటితో ఆ నెలంతా స్నేహంగా ఉండేవి. పత్రిక పిల్లలదే గానీ ముందు తాతగారు చదవాలి, తర్వాత నాన్నగారు, ఆ తర్వాత వంటయ్యాక అమ్మ. పిల్లల చేతికొచ్చేసరికి అట్ట మీద కాఫీ మరక ఉండేది.

ఆ కథల్లో జంతువులు ఎక్కువగా మనకి నీతి చెప్పడానికి వచ్చేవి. ముంగిస కథ నీకు తెలుసుగా? ఉయ్యాల్లో బిడ్డని పాము నుంచి కాపాడిన ముంగిసని, మూతికి రక్తం చూసి బిడ్డనే చంపిందనుకుని తల్లి కొట్టి చంపేస్తుంది. పంచతంత్రంలోది. ఈ కథే అటు ఎంత దూరం పాకిందో, బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలో కుక్క పేరుతో చెబుతారు. లెవెలిన్ అనే రాజు, గెలర్ట్ అనే వేటకుక్క, పాముకి బదులు తోడేలు. బెద్‌గెలర్ట్ అనే ఊళ్లో ఆ కుక్క సమాధి కూడా చూపిస్తారు. జనం వెళ్లి కన్నీళ్లు పెట్టుకుంటారు. తీరా చూస్తే, 18వ శతాబ్దం చివర్లో ఆ ఊరి సత్రం నడిపేవాడే నాలుగు రాళ్లు పేర్చి దాన్ని కట్టించాడని చెబుతారు. బాటసారులు ఆగాలి, ఆగినవాళ్లు రెండు పూటలు భోంచెయ్యాలి కదా! ఉట్టికెగరలేని వ్యాపారాన్ని కుక్క సమాధి నిలబెట్టింది. ఏదో చెబుతూ ఎక్కడికో పోయాను. ఖరీదు సంగతిలో ఉన్నాం కదూ.

మనవలు అమెరికాలో ఉంటే తాతలకొచ్చే లాభం ఒకటుంది. రాత్రి పడుకోబోయే ముందు వాళ్ల పుస్తకాలు మనం చదివి పెట్టాలి. అక్కడి బళ్లలో కుక్క కథ చదవకుండా పిల్లాడు పెద్దవాడు కాడేమోననిపించింది నాకు.

విల్సన్ రాల్స్ అని ఒకాయన 'వేర్ ద రెడ్ ఫెర్న్ గ్రోస్' అనే నవల రాశాడు, 1961లో వచ్చింది. ఓజార్క్ కొండల్లో బిల్లీ అనే పదేళ్ల పిల్లాడు. వాడికి రెండు వేటకుక్కలు కావాలి. జత ఖరీదు 50 డాలర్లు. ఇంట్లో అంత డబ్బు లేదు. మీలాగా నేలమీద పడి దొర్లలేదు వాడు. చేపలు పట్టుకునేవాళ్లకి ఎరలమ్మాడు, కూరగాయలమ్మాడు, అడవిలో పళ్లు కోసి అమ్మాడు. ఒక్కో నాణెమూ పాత బేకింగ్ పౌడర్ డబ్బాలో దాచుకున్నాడు. రెండేళ్లు పట్టింది. తీరా డబ్బు చేరేసరికి కుక్కల ధర పడిపోయి పది డాలర్లు మిగిలాయి. ఆ పదీ పెట్టి తండ్రికీ తల్లికీ చెల్లెళ్లకీ కానుకలు కొన్నాడు. ఉత్త కాళ్లతో రాత్రికి రాత్రి అడవిదారిన పట్నానికి నడిచివెళ్లి, కుక్కపిల్లల్ని గోనెసంచిలో పెట్టి, తలలు బయటకొచ్చేలా కంతలు చేసి మోసుకొచ్చాడు. తర్వాత ఏమైందో నేను చెప్పను, నువ్వే చదువుకుని ఏడువు.

రాసినాయన కథ ఇంకా చిత్రం. ఆయనకి పెద్ద చదువు లేదు, అక్షరదోషాలంటే సిగ్గు. పెళ్లికి ముందు తను రాసిన కాగితాలన్నీ కాబోయే భార్య కంట పడకూడదని తగలబెట్టేశాడు. పెళ్లయ్యాక సంగతి తెలిసి ఆవిడ మళ్లీ రాయమంది. జ్ఞాపకంలోంచి మూడు వారాల్లో రాసిచ్చాడు, కామాలూ ఫుల్‌స్టాపులూ లేకుండా. ఆవిడ దిద్దింది. ఇల్లాలి మాట వింటే పుస్తకం పుడుతుందని మీ తాతకి ఆలస్యంగా తెలిసిందిలే.

ఇంగ్లండులో ఎనిడ్ బ్లైటన్ గారి 'ఫేమస్ ఫైవ్' 1942లో మొదలైంది. అందులో జార్జ్ అనే పిల్ల ఉంది, అసలు పేరు జార్జీనా, అలా పిలిస్తే పలకదు. ఆమె కుక్క టిమ్మీని ఇంట్లో ఉంచొద్దన్నారు అమ్మానాన్నలు. ఆమె ఆ ఊరి జాలరి కుర్రాడి దగ్గర దాన్ని దాచింది. మేపినందుకు తన చేతిఖర్చు డబ్బంతా వాడికే ఇచ్చేది. వేసవికొచ్చిన పిల్లలు ఐస్‌క్రీమ్ ఇస్తానంటే వద్దనేది. తీసుకుంటే తిరిగి తనూ ఒకటి కొనిపెట్టాలి, డబ్బేమో కుక్క తింటోంది. చూశావా మర్యాద! పెట్టలేనివాళ్లు తినకూడదనే పట్టుదల మా రోజుల్లో ఇక్కడా ఉండేది. పక్కింటి నుంచి గిన్నెలో కూరొస్తే, ఆ గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్లేది కాదు.

ఇంకో పిల్లాడు మార్టీ. ఫిలిస్ రేనాల్డ్స్ నేలర్ 1991లో రాసిన 'షైలో'లో ఉంటాడు. మరుసటేడు దానికి న్యూబెరీ పతకమొచ్చింది. వేరేవాడి కుక్క, యజమాని జడ్ దాన్ని చావబాదుతాడు. అది పారిపోయి మార్టీ దగ్గరికొస్తే, వాడు అడవిలో దాచి తన కంచంలో సగం దానికి పెడతాడు, ఇంట్లో అబద్ధాలాడతాడు. అబద్ధం తప్పే. మరి కుక్కని తిరిగి దెబ్బలకి అప్పగించడం తప్పు కాదా? ఆ ముడి దగ్గర రచయిత్రి పిల్లల్ని నిలబెట్టి తప్పుకుంటుంది. చివరికి ఒప్పందం కుదురుతుంది. గంటకి రెండు డాలర్ల చొప్పున 20 గంటల చాకిరీ, మొత్తం 40 డాలర్ల పని చేస్తే కుక్క వాడిది. కాగితం మీద సంతకమూ అవుతుంది. సగంలో జడ్ నవ్వుతాడు, సాక్షి సంతకం లేని కాగితం చెల్లదని. ప్రామిసరీ నోటు తెలిసిన వాళ్లం గదా, మనకి ఆ దెబ్బ ఠక్కున అర్థమవుతుంది. మార్టీ ఏం చేశాడు? మాటిచ్చాను గనక అని మిగతా గంటలూ పని చేశాడు. అది చూసి ఆ మొరటువాడూ మెత్తబడ్డాడు.

అన్నిట్లోకీ చవక బేరం టెక్సాస్‌లో జరిగింది. మనవాళ్లు ఇప్పుడు గుంపులు గుంపులుగా ఉంటున్న ఆ టెక్సాసే. ఫ్రెడ్ గిప్సన్ 1956లో రాసిన 'ఓల్డ్ ఎల్లర్' కథ అక్కడి అంతర్యుద్ధం ముగిసిన రోజుల్లో జరుగుతుంది. తండ్రి పశువులమ్మడానికి దూరదేశం పోతే, ఇల్లు పద్నాలుగేళ్ల ట్రావిస్ మీద పడుతుంది. వేలాడదీసిన మాంసం దొంగిలించి తిన్న పసుపుపచ్చ కుక్క ఒకటి ఇంట్లో తిష్ఠ వేస్తుంది, కాలక్రమంలో ఆ ఇంటి ప్రాణమవుతుంది. ఓరోజు అసలు యజమాని వస్తాడు. ట్రావిస్ తమ్ముడు చిట్టి ఆర్లిస్ ఏడుపు చూసి, ఒక కొమ్ముల తొండా ఒక పూట భోజనమూ తీసుకుని కుక్కని వదిలేస్తాడు. తొండకి కుక్క! ఇంతకన్నా మంచి బేరం తువ్వాలు కింద కూడా కుదరదు.

అసలు ఖరీదు తర్వాత కట్టాల్సొచ్చింది. పిచ్చి తోడేలు నుంచి ఇంటిల్లిపాదినీ కాపాడుతూ కుక్క కాటు తిన్నది. ట్రావిస్ చేత్తోనే తుపాకీ పేల్చాల్సొచ్చింది. మా మనవరాలు పుస్తకం విసిరికొట్టింది, మందు వేయించొచ్చు కదా అని. ఎక్కడి మందమ్మా? పాశ్చర్ మొదటిసారి పిచ్చికుక్క కాటుకి టీకా వేసింది 1885లో, జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి. కథ అంతకు ముందటిది. మన దేశంలో కసౌలిలో 1900లో, కూనూరులో 1907లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్లు వచ్చాయి. మా కాలంలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు. గొర్రె మెదడు నుంచి తయారైన టీకా అది. కుక్క కరిచినదానికన్నా ఆ సూదుల భయానికే పిల్లలు గాటు దాచేవాళ్లు, దాచి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆ మందే ఎత్తేశారు, భుజానికి నాలుగైదు సూదులతో సరి. గాటు పడిన వెంటనే సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. కారం అద్దడం, పసరు పూయడం మా మూర్ఖత్వంతోనే పోవాలి.

మనసు బరువెక్కిందా? సరే, నవ్వే కుక్క సంగతి విను. కేట్ డికామిలో 2000లో 'బికాజ్ ఆఫ్ విన్‌-డిక్సీ' రాసింది. ఫ్లోరిడాలో పదేళ్ల ఓపల్, తల్లి వదిలేసి వెళ్లిపోయింది, తండ్రి ప్రార్థనలు చేయించే పాస్టరు. సూపర్ మార్కెట్‌లో అల్లరి చేస్తున్న వీధికుక్కని నాదేనని కాపాడి, ఆ కొట్టు పేరే దానికి పెట్టేసింది. నువ్వు మీ కుక్కకి రైతుబజారని పేరు పెడతావా? మెడపట్టీకి డబ్బుల్లేక జంతువుల కొట్లో ఊడ్చి వాయిదాల మీద కట్టింది. రాసినప్పుడు ఆవిడ మినియాపొలిస్ చలిలో ఉండేది, ఆ అద్దెకొంపలో కుక్కల్ని రానిచ్చేవారు కాదట. లేని కుక్కని కాగితం మీద పెంచుకుంది.

లాసీని మరిచిపోతే మీ నాన్న ఊరుకోడు. ఎరిక్ నైట్ 1940లో రాసిన నవల. యార్క్‌షైర్‌లో బొగ్గుగని మూతపడి పూట గడవక కుక్కని అమ్మేస్తారు. అది పారిపోయి ఆ ఇంటి పిల్లాడు జో దగ్గరికి వచ్చేస్తుంది. అమ్మినది మనది కాదంటాడు తండ్రి, తిరిగి అప్పగిస్తాడు. కొన్నవాళ్లు స్కాట్లండు తీసుకెళ్లినా వందల మైళ్లు నడిచి, బడి వదిలే వేళకి వచ్చి నిలబడుతుంది. 1943లో సినిమా తీశారు. లాసీ ఆడకుక్క, వేషం వేసింది పాల్ అనే మగకుక్క. మనకి అందులో వింతేముంది, స్థానం నరసింహారావుగారు కట్టిన సత్యభామ వేషం చూసి మురిసినవాళ్లం కదా!

ఇక ఖరీదు కట్టని పిల్లాడొకడున్నాడు. విజయవాడ విశాలాంధ్ర కొట్లో సోవియట్ పుస్తకాలు కొన్ని రూపాయలకే దొరికే రోజుల్లో రష్యన్ కథల రుచి మరిగాం, ఉప్పల లక్ష్మణరావుగారూ ఆర్వీయార్‌గారూ మాస్కోలో కూర్చుని తెలుగు చేసి పంపేవారు. ఆ రష్యావాడే చెహోవ్ 1887లో 'కష్తాన్కా' రాశాడు. తాగుబోతు వడ్రంగి కుక్క. వడ్రంగి కొడుకు ఫెద్యూష్కా మాంసం ముక్కకి దారం కట్టి, అది మింగాక బయటికి లాగి ఆడుకునే రకం. ఆ కుక్క దారి తప్పి సర్కసు మనిషి ఇంటికి చేరింది. కడుపునిండా తిండి, తోడుకి బాతూ పిల్లీ పందీ. సర్కసులో మొదటి రోజు ఆట జరుగుతుండగా పైనుంచి ఆ పిల్లాడు పేరు పెట్టి పిలిచాడు. అంతే, మంచి అన్నం, మంచి యజమాని, అన్నీ వదిలి జనం నెత్తి మీదుగా ఆ దారం పిల్లాడి దగ్గరికే పోయింది. పిచ్చిదనుకుంటావా? అనుకో. కుక్క పద్దు రాసుకోదు నాయనా. దాని తరఫున కూడా లెక్క మనమే చూసుకోవాలి. అందుకే మంచి రచయితలు ఆ లెక్క పిల్లాడి చేతిలో పెట్టారు.

ఇప్పుడు కుక్కలకి వేలకు వేలు పోస్తున్నారు. మంచు దేశపు జాతిని తెచ్చి మే నెల ఎండలో అపార్ట్‌మెంటు బాల్కనీలో కడుతున్నారు. పుట్టినరోజుకి కొని, పరీక్షలు రాగానే పనిమనిషికి అప్పగిస్తున్నారు. డబ్బు కట్టింది తండ్రి, నడిపించేది వాచ్‌మన్, పిల్లాడికి ఫోటో మిగులుతోంది. కుక్కపిల్ల కావాలని మీ ఇంట్లో ఎవరైనా మారాం చేస్తే, ముందు ఈ పుస్తకాల్లో ఒకటి పక్కన కూర్చుని చదివి పెట్టండి. అప్పుడూ కావాలంటే తెల్లారి ఆరింటికి దాన్ని బయటికి తీసుకెళ్లేది ఎవరో ఆ పిల్లాడి చేతే చెప్పించండి. సరేనన్నాడా, వీధిలో ఊరికే దొరికేదాన్నే తెచ్చివ్వండి. టీకా మాత్రం వేళకి వేయించండి.